కోపెన్‌హాగన్: పదిమందికీ చెందిన సొగసు

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ జీలండ్ దీవి తూర్పు ఒడ్డున మొదలై, పక్కనున్న అమాగర్ దీవి మీదికి పాకింది. ఎదురుగా ఓరెసుండ్ జలసంధి, దానికి అవతల స్వీడన్. 2000 జులైలో తెరిచిన వంతెన, సొరంగాల మీదుగా స్వీడన్ నగరం మాల్మోకు రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. నగరపాలక సంస్థ పరిధిలో ఆరున్నర లక్షలకు పైగా జనం ఉంటారు. ఐరోపా రాజధానుల్లో ఇది పెద్దదీ కాదు, పారిస్, రోమ్‌లలా మహాకట్టడాలతో నిండినదీ కాదు. అయినా సొగసైన నగరాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా దీని పేరు ముందువరసలో వినిపిస్తుంది. పర్యాటక ప్రచారం ఈ సొగసును కొన్ని ఫొటోలకు కుదించింది: నూహావన్ కాలువ పక్కన రంగురంగుల ఇళ్ళు, బండరాయి మీద కూర్చున్న మత్స్యకన్య, సన్నని కాళ్ళ చెక్క కుర్చీ, సైకిల్ మీద సాగిపోయే యువతీయువకులు, నెలల ముందే చోటు రిజర్వు చేసుకోవలసిన రెస్టారెంటు. ఈ ఫొటోలు అబద్ధం చెప్పవు. అయితే వీటిని మాత్రమే చూసి తిరిగివెళ్ళే యాత్రికుడికి ఆ సొగసు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అగ్నిప్రమాదాలు, కలరా, యుద్ధంలో ఓటమి, అప్పులు, చమురు కొరత మీద పడిన ప్రతిసారీ ఈ నగరం ఉమ్మడిగా కొన్ని నిర్ణయాలు తీసుకుంది. వాటిని మంచి పనితనంతో అమలు చేసింది. కోపెన్‌హాగన్ అందంలో ఎక్కువ భాగం ఆ నిర్ణయాల నుంచి పుట్టిందేనన్నది ఈ వ్యాసం వాదన. ఆ దృష్టితో తిరిగితే ఏ వీధిలో ఏం చూడాలో కూడా మారిపోతుంది.

నగర చరిత్రను 1167 నుంచి లెక్కపెట్టడం ఆనవాయితీ. ఆ ఏడు బిషప్ అబ్సలోన్ రేవు ఒడ్డున చిన్న దీవి మీద కోట కట్టించాడని చెబుతారు. ఆ కోట పునాదులు ఇప్పటి క్రిస్టియన్స్‌బోర్గ్ భవనం కింద ఉన్నాయి. మెట్లు దిగి చూడవచ్చు. పైన పార్లమెంటు, ప్రధానమంత్రి కార్యాలయం, సుప్రీం కోర్టు ఒకే కప్పు కింద పనిచేస్తున్నాయి. 106 మీటర్ల ఆ భవన గోపురం ఎక్కడానికి టిక్కెట్టు లేదు. నగరానికి రాచకళ తెచ్చిన రాజు 1588 నుంచి 1648 వరకు ఏలిన నాలుగో క్రిస్టియన్. రోసెన్‌బోర్గ్ కోట, క్రిస్టియన్స్‌హావ్న్ పేట, పాత స్టాక్ ఎక్స్ఛేంజి బోర్సెన్ అతని కాలానివే. 2024 ఏప్రిల్‌లో బోర్సెన్‌కు నిప్పంటుకుని, తోకలు మెలివేసుకున్న డ్రాగన్ల ఆకారంలో ఉన్న శిఖరం కూలిపోయింది. ఆ రాజు కట్టడాల్లో యాత్రికుడు తప్పక చూడవలసినది 1642లో పూర్తయిన రుండెటార్న్. ఈ గుండ్రటి బురుజులో పైకి వెళ్ళడానికి మెట్లకు బదులు 209 మీటర్ల పొడవున చుట్లు తిరిగే వాలుదారి ఉంది. పైన వేధశాల, మధ్యలో విశ్వవిద్యాలయ గ్రంథాలయం, పక్కనే చర్చి: మూడు అవసరాలనూ ఒకే కట్టడంలో ఇమిడ్చారు. ఉపయోగం ముందు, అలంకారం తరువాత అనే ధోరణి రాజుల కాలంలోనే కనిపించే చోటు ఇది.

ఆ ధోరణి నగరమంతటికీ పాకింది మాత్రం నష్టాల వల్ల. 1728 అగ్నిప్రమాదంలో నగరంలో నాలుగో వంతుకు పైగా కాలిపోయింది. 1795లో మరోసారి వందల ఇళ్ళు బూడిదయ్యాయి. 1807లో బ్రిటిష్ నౌకాదళం నగరం మీద ఫిరంగి గుళ్ళు కురిపించి, డెన్మార్క్ యుద్ధనౌకలను పట్టుకుపోయింది. 1813లో ప్రభుత్వం దివాలా తీసింది, మరుసటి ఏడాది నార్వే చేజారింది. పాత నగరంలో ఇప్పుడు మనం చూసే ఇళ్ళలో చాలా భాగం ఈ వరుస దెబ్బల తరువాత కట్టినవి. వాటి ముందుభాగాలు సాదాగా, సమానంగా, లేత రంగు పూతలతో ఉంటాయి. నాలుగు వీధులు కలిసే చోట నిలబడి చూస్తే మూల ఇళ్ళ కోణాలు నరికేసినట్టు ఏటవాలుగా కనిపిస్తాయి. 1795 తరువాత వచ్చిన నిబంధన అది: మంటలార్పేవారి పొడవాటి నిచ్చెనల బళ్ళు మలుపు తిరగడానికి చోటు వదలాలి. ఆ నిబంధన వల్ల ప్రతి కూడలికీ చిన్న చతురస్రంలాంటి విశాలత వచ్చింది. ఈ రోజు ఫొటోలు తీసుకునేవారిని ఆకర్షించే ఆ నిరాడంబరత, ఆ పొందిక, డబ్బు లేని కాలంలో భద్రత కోసం చేసిన ఏర్పాట్లు. సి.ఎఫ్. హాన్సెన్ కట్టిన కోర్టు భవనమూ, వోర్ ఫ్రూ చర్చీ ఆ కాలపు అభిరుచికి మంచి నమూనాలు. చర్చిలో శిల్పి థోర్వాల్సెన్ చెక్కిన పాలరాతి క్రీస్తు విగ్రహం ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఎదురవుతుంది, అది న్యాయమైనదే. కోపెన్‌హాగన్ సంపదలో పరాయి నేలల చెమటా నెత్తురూ కలిసి ఉన్నాయి కదా అని అడగవచ్చు. డెన్మార్క్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1616లో పుట్టింది. 1620 నుంచి 1845 వరకు తమిళ తీరంలోని తరంగంబాడి డేన్‌ల చేతిలో ఉంది. కరీబియన్ దీవుల చెరకు తోటల కోసం డేనిష్ ఓడలు దాదాపు లక్షమంది ఆఫ్రికన్లను బానిసలుగా తరలించాయి. ఆ వ్యాపారాన్ని నిషేధించే ఆజ్ఞ 1792లో వెలువడి 1803లో అమలైనా, దీవుల్లో బానిసత్వం 1848 వరకు సాగింది. అమాలియెన్‌బోర్గ్ రాజప్రాసాదాల నడుమ గుర్రం మీద ఉన్న ఐదో ఫ్రెడరిక్ విగ్రహానికి డబ్బిచ్చింది ఆసియాటిక్ కంపెనీ. క్రిస్టియన్స్‌హావ్న్‌లో ఆ కంపెనీ పాత భవనాలు ఇంకా నిలిచి ఉన్నాయి. తెలుగువారికి ఈ చరిత్రతో ఒక సన్నని బంధముంది: తరంగంబాడి మిషన్ ద్వారా వచ్చిన జర్మన్ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, తిరిగివెళ్ళాక 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన భాషలో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు. కాబట్టి పద్దెనిమిదో శతాబ్దపు ప్రాసాదాలను చూసేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి, ఉండి తీరాలి. అయితే ప్రపంచం ఈ నగరంలో మెచ్చుకునే శైలి ఆ ప్రాసాదాలది కాదు. ఆ సంపద పోయాక, సామ్రాజ్యం కుంచించుకుపోయాక, మిగిలిన కొద్దిదానితో ఎలా బతకాలో నేర్చుకున్న కాలానిది.

ఆ నేర్పులో పెద్ద పాఠం కలరా నేర్పింది. 1850ల వరకూ నగరం కోటగోడల లోపలే కిక్కిరిసి ఉండేది. 1853లో కలరా దాదాపు ఐదువేల మందిని బలి తీసుకుంది. తరువాత గోడలు పడగొట్టారు. అగడ్తలను పూర్తిగా పూడ్చకుండా కొన్నిచోట్ల చెరువులుగా మిగిల్చి చుట్టూ తోటలు పెంచారు. ఓర్‌స్టెడ్ పార్కు, బొటానికల్ గార్డెన్, ఓస్ట్రె అన్లేగ్ పార్కుల్లోని వంకర చెరువులు పాత అగడ్త ముక్కలే. 1843లో గేయోర్గ్ కార్స్టెన్సెన్ తెరిచిన టివోలీ ఉద్యానంలోని చెరువూ అంతే. ఇంతకన్నా ముఖ్యమైనది ఓస్టర్‌బ్రోలోని బ్రుమ్లెబీ. కలరా బాధిత వాడలను చూసిన వైద్యుల సంఘం పూనుకుని, బిండెస్‌బోల్ అనే వాస్తుశిల్పి చేత పేదల కోసం గాలీ వెలుతురూ ఉండే వరుస ఇళ్ళు కట్టించింది. పసుపు, తెలుపు రంగుల ఆ ఇళ్ళలో నేటికీ జనం ఉంటున్నారు. దానికి దగ్గరలోనే 1870, 1880లలో కార్మికుల గృహనిర్మాణ సంఘం కట్టుకున్న ‘బంగాళదుంప వరుసలు’ ఉన్నాయి: ఇరుకైన ఇళ్ళు, ముందు చిన్న తోట, వీధి మధ్యలో అందరూ కూర్చునే బల్లలు. గైడు పుస్తకాలు ఈ రెండింటికీ ఇచ్చే చోటు చాలా తక్కువ. నా అంచనాలో మత్స్యకన్య విగ్రహం కన్నా ఇవి నగరాన్ని ఎక్కువ వివరిస్తాయి.

డేనిష్ కుర్చీలూ దీపాలూ ఇప్పుడు ఖరీదైన వస్తువులు కాబట్టి వాటి పుట్టుక కూడా సంపన్నుల ఇళ్ళలోనే జరిగి ఉంటుందని అనిపిస్తుంది. ఆధారాలు వేరే దారి చూపిస్తాయి. కోర్ క్లింట్ 1924లో రాయల్ అకాడమీలో ఫర్నిచర్ పాఠం మొదలుపెట్టినప్పుడు విద్యార్థుల చేత మొదట చేయించిన పని కొలతలు తీయడం: మనిషి ఎలా కూర్చుంటాడు, చేయి ఎంత దూరం చాస్తాడు, బీరువాలో ఎన్ని చొక్కాలు పడతాయి. 1942లో వినియోగదారుల సహకార సంఘాల సమాఖ్య ఎఫ్‌డిబి చిన్న ఇళ్ళలో ఉండే మామూలు కుటుంబాల కోసం ఫర్నిచర్ విభాగం తెరిచింది. దానికి అధిపతిగా వచ్చిన బోర్గె మోగెన్సెన్ 1947లో జె39 కుర్చీ రూపొందించాడు. చెక్క చట్రం, కాగితపు తాడుతో అల్లిన కూర్చునే భాగం, మోయడానికి తేలిక, బాగుచేయడానికి సులువు. జనం దాన్ని ‘ప్రజల కుర్చీ’ అని పిలిచారు. పౌల్ హెనింగ్సెన్ 1926లో తెచ్చిన మూడు రేకుల దీపం వెనుక ఉన్న సమస్య ఇంకా సూటిగా ఉంటుంది. డిసెంబరులో పగలు ఏడు గంటలే ఉండే ఊళ్ళో కొత్తగా వచ్చిన విద్యుత్ బల్బు కళ్ళలోకి గుచ్చుకునేది. బల్బు ఎక్కడినుంచి చూసినా నేరుగా కనపడకుండా, కాంతి మాత్రం బల్ల మీద మెత్తగా పరుచుకునేలా రేకుల వంపు లెక్కకట్టాడు. ఇవన్నీ చూడటానికి డిజైన్ మ్యూజియం ఉంది. అది పద్దెనిమిదో శతాబ్దంలో రోగుల కోసం కట్టిన ఫ్రెడరిక్ ఆసుపత్రి భవనంలో నడుస్తోంది. మరమ్మతుల తరువాత 2022లో మళ్ళీ తెరిచారు.

మ్యూజియంలో గాజు వెనుక ఉన్న కుర్చీ కన్నా వాడుకలో ఉన్న కుర్చీ ఎక్కువ చెబుతుంది. అందుకు నగరానికి వాయవ్యంగా బిస్పెబ్యెర్ పేటలోని గ్రుంట్విగ్ చర్చికి వెళ్ళాలి. 1921లో పి.వి. యెన్సెన్-క్లింట్ మొదలుపెట్టిన ఈ చర్చిని అతని మరణానంతరం కొడుకు కోర్ క్లింట్ 1940లో పూర్తిచేశాడు. దాదాపు యాభై లక్షల పసుపు ఇటుకలతో కట్టారు. గోడ, స్తంభం, కమాను, కప్పు అన్నీ అదే ఇటుక. బంగారు పూత లేదు, కుడ్యచిత్రాలు లేవు, రంగు అద్దాలు లేవు. పల్లెటూరి చర్చి ముఖద్వారాన్ని ఎన్నో రెట్లు పెంచి ఆకాశంలోకి నిలబెట్టిన ఆకారం అది. లోపల కూర్చోవడానికి బరువైన బెంచీలకు బదులు కోర్ క్లింట్ రూపొందించిన మామూలు చెక్క కుర్చీలు వరుసలు తీరి ఉంటాయి. చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళు కూడా అదే ఇటుకతో, అదే పథకంలో భాగంగా లేచాయి. ఒకే ఒక్క చవకైన పదార్థంతో, తాపీ మేస్త్రీల ఓపికతో ఇంతటి గాంభీర్యం సాధించడం నాకు ఈ నగరపు అత్యున్నత విజయంగా తోస్తుంది. దీనితో పోల్చదగిన మరో ధ్రువం నగర కేంద్రంలో ఆర్నె యాకబ్సెన్ 1960లో పూర్తిచేసిన ఎస్‌ఏఎస్ హోటల్. ఎగ్, స్వాన్ కుర్చీలను ఆ హోటల్ కోసమే తయారు చేశాడు. 606 నంబరు గదిని నాటి రూపంలోనే కాపాడుతున్నారు. అది సంపన్న యాత్రికుల కోసం పుట్టిన శైలి. అది లేదని అనడం లేదు. కానీ దానికి వెనుక తరం సహకార సంఘాల, అకాడమీ కొలతల శిక్షణ లేకపోతే అదీ ఉండేది కాదు.

వీధుల విషయంలో వాదన ఇంకా బలంగా నిలుస్తుంది. ఇక్కడ తేదీలు దొరుకుతాయి, వ్యతిరేకించినవారి మాటలూ దొరుకుతాయి. 1962 నవంబరులో నగరపాలక సంస్థ ప్రధాన వాణిజ్య వీధి స్ట్రోయెట్‌లో కార్లను ఆపి, దాదాపు కిలోమీటరు పొడవున నడిచేవారికి వదిలింది. కార్లు రాకపోతే కొట్లు మూతపడతాయని వ్యాపారులు భయపడ్డారు. ఈ చలిలో ఇటాలియన్లలా బయట కూర్చునేందుకు డేన్‌లు ఎందుకు వస్తారని పత్రికలు ప్రశ్నించాయి. జనం వచ్చారు, వ్యాపారం పెరిగింది. యాన్ గేల్ అనే వాస్తుశిల్పి ఆ వీధిలో ఎవరు ఎంతసేపు ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో ఏళ్ళ తరబడి లెక్కపెట్టి 1971లో పుస్తకం రాశాడు. అది తరువాత ఎన్నో దేశాల నగర ప్రణాళికలను ప్రభావితం చేసింది. ఇప్పటి స్ట్రోయెట్ చాలావరకు అంతర్జాతీయ దుకాణాల వరుస, అక్కడ అరగంట చాలు. దాని ఫలితాన్ని చూడాలంటే పక్క సందుల్లోకి, చిన్న చౌకుల్లోకి వెళ్ళాలి. నూహావన్ కథా ఇదే. 1670లలో తవ్విన ఆ కాలువ ఒడ్డు చాలాకాలం నావికుల సారా కొట్లకు పేరుమోసిన చోటు, తరువాత కార్లు నిలిపే చోటు. 1980లో నడకదారిగా మార్చాకే నేటి పోస్టుకార్డు అందం వచ్చింది. రచయిత ఆండర్సన్ ఆ కాలువ ఒడ్డున మూడు వేర్వేరు ఇళ్ళలో అద్దెకున్నాడు.

సైకిళ్ళ గురించి తరచూ వినిపించే అభ్యంతరం ఒకటుంది: నేల చదును, ఊరు చిన్నది, జనం క్రమశిక్షణ గలవారు, అందుకే సాధ్యమైంది, ఇందులో గొప్పేముంది అని. నేల 1960లలో కూడా ఇంతే చదునుగా ఉంది. ఆ దశకంలో కార్లు పెరిగి సైకిళ్ళు వేగంగా తగ్గిపోయాయి. నగర మధ్యంలోని సరస్సుల ఒడ్డున పెద్ద మోటారు రహదారి వేసే పథకం కూడా సిద్ధమైంది. ఆ పథకాన్ని 1970లలో వదులుకున్నారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు నడపడం నిషేధించారు. ఆ దశకం చివర్లో వేలమంది సైకిళ్ళతో ఊరేగింపులు తీసి రక్షణ గల దారులు అడిగారు. కార్ల మీద రిజిస్ట్రేషన్ పన్ను ఒక దశలో గరిష్ఠంగా 180 శాతం దాకా ఉండేది. వీటన్నిటి ఫలితమే రోడ్డుకన్నా ఎత్తుగా, కాలిబాటకన్నా కొద్దిగా దిగువగా ఉండే ప్రత్యేక సైకిల్ బాట. నోర్రెబ్రో వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి వరుసగా పచ్చదీపాలు పడేలా సిగ్నళ్ళు అమర్చారు. నగర మధ్యంలోకి వచ్చే సైకిళ్ళ సంఖ్య 2016 లెక్కల్లో కార్లను దాటింది. యాత్రికుడు సైకిల్ అద్దెకు తీసుకోవడం మంచిదే కానీ నియమాలు తెలియాలి: ఆగే ముందు చేయి పైకెత్తాలి, ఎడమకు తిరగాలంటే కూడలి నేరుగా దాటి అవతల ఆగి రెండో దీపానికి వెళ్ళాలి, బస్సు దిగేవారు బాట మీదికి వస్తే ఆగాలి. ఉదయం ఎనిమిదింటికి డ్రోనింగ్ లూయిసా వంతెన మీద తీరిగ్గా తొక్కడం స్థానికులకు ఇబ్బంది. నడిచేవారు సైకిల్ బాటలో నిలబడి ఫొటోలు తీయడం ఇంకా ప్రమాదం.

ఓడరేవు మార్పు ఇటీవలిది, అందుకే ఎక్కువ మెప్పిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం ఈ నీళ్ళలోకి పరిశ్రమల వ్యర్థాలూ, వాన పెద్దదైనప్పుడు మురుగూ చేరేవి. నగరం పొంగే మురుగును నిలవచేసే భూగర్భ గదులు కట్టి, కాలువల వ్యవస్థను బాగుచేసి, 2002లో ఇస్లాండ్స్ బ్రూగె దగ్గర ఓడరేవు నీళ్ళలోనే మొదటి ఈతకొలను తెరిచింది. వేసవిలో ఎవరైనా ఉచితంగా ఈదవచ్చు; నీటి నాణ్యత దెబ్బతింటే మూసేస్తారు. 2011 జులై 2న కొద్ది గంటల కుండపోతకు నగరం మునిగింది. పైపులు పెద్దవి చేయడం ఒక్కటే మార్గం అనుకోకుండా, పార్కులనూ చౌకులనూ వాన నీరు పట్టే గుంటలుగా మలిచారు. వెస్టర్‌బ్రోలోని ఎంగ్‌హేవ్ పార్కు ఎండరోజుల్లో పిల్లలు ఆడుకునే చోటు. పెద్ద వాన వస్తే ఇరవై వేల ఘనపు మీటర్లకు పైగా నీళ్ళు పట్టే చెరువు. అమాగర్‌లో చెత్తను కాల్చి వేడీ విద్యుత్తూ తీసే కర్మాగారం మీద 2019లో స్కీ వాలు తెరిచారు. 85 మీటర్ల ఎత్తునుంచి స్వీడన్ తీరం కనిపిస్తుంది. నగరంలో దాదాపు ఇళ్ళన్నిటికీ కేంద్రీకృత వేడి నీటి గొట్టాలే ఆధారం. 1979 నాటి ఉష్ణ సరఫరా చట్టం దీనికి పునాది. ఇక్కడ ఒక వైఫల్యం కూడా చెప్పాలి. 2025 నాటికి కార్బన్ తటస్థత సాధిస్తామని నగరం ప్రకటించింది. ఆ కర్మాగారం పొగలోని కార్బన్‌ను పట్టే పథకానికి నిధులు రాక, 2022లోనే ఆ గడువు అందుకోలేమని ఒప్పుకుంది.

ఖర్చు మాటకొస్తే, అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ అదే. డెన్మార్క్‌లో తిండితో సహా దాదాపు అన్నిటి మీదా 25 శాతం విలువ ఆధారిత పన్ను ఉంది. రెస్టారెంటులో మామూలు భోజనం భారతీయ జేబుకు బరువే. 2003లో మొదలైన నోమా రెస్టారెంటు, మరుసటి ఏడాది నార్డిక్ వంటవాళ్ళు ప్రకటించిన స్థానిక దినుసుల ప్రణాళిక నగరానికి ప్రపంచఖ్యాతి తెచ్చాయి. ఆ స్థాయి భోజనం కొద్దిమందికే అందుతుంది. ఆ పద్ధతిలో రెస్టారెంటు నడపడం సాగదని 2023లో నోమా యజమానే ప్రకటించాడు. కానీ ఆ ఉద్యమానికి మరో పాయ ఉంది, దాని గురించి ఎవరూ ప్రచారం చేయరు. 2007 నుంచి నగరపాలక సంస్థ తన బాలవాటికలు, వృద్ధాశ్రమాల వంటశాలల్లో సిబ్బందికి శిక్షణ ఇచ్చి, వాడే దినుసుల్లో 90 శాతం దాకా సేంద్రియ పంటలే ఉండేలా చేసింది. వృథా తగ్గించి, మాంసం తగ్గించి, రుతువును బట్టి కూరలు కొని ఆ ఖర్చు సర్దుకున్నారు. యాత్రికుడికి ఈ సంస్కృతి రై రొట్టె మీద చేప, గుడ్డు, బంగాళదుంప పేర్చిన స్మోర్‌బ్రోద్ రూపంలో మధ్యాహ్నం వేళ అందుబాటు ధరలో దొరుకుతుంది. శాకాహారులకు చోట్లు పెరిగాయి. అయినా పాత తరహా కొట్లలో ముందే అడగడం మేలు. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు, సీసాలు కొనక్కర్లేదు. ఇంతకూ ఈ వ్యాసంలో ఇప్పటివరకు ప్రస్తావించినవాటిలో ఎక్కువ భాగానికి టిక్కెట్టు లేదు: పార్లమెంటు గోపురం, గ్రుంట్విగ్ చర్చి, అగడ్త తోటలు, ఓడరేవు ఈత, బ్రుమ్లెబీ వీధులు. ఖర్చు ఆక్షేపణ హోటలుకూ రెస్టారెంటుకూ పూర్తిగా వర్తిస్తుంది, నగరానికి అంతగా కాదు.

అక్కడ ఉండేవారికి మాత్రం అది మరింత కటువైన నిజం. 1950లో దాదాపు 7.7 లక్షలున్న జనాభా 1990ల మొదట్లో 4.7 లక్షలకన్నా తగ్గి, నగరం దివాలా అంచుకు చేరింది. అప్పుడు ఎంచుకున్న మార్గం ప్రభుత్వ భూములు అమ్మడం. 1992 చట్టంతో అమాగర్‌లో ఓరెస్టాడ్ పేట భూములు అమ్మి మెట్రో కట్టారు. 2002లో మొదలైన ఆ డ్రైవరు లేని రైళ్ళు రాత్రింబవళ్ళు నడుస్తాయి, 2019లో 17 స్టేషన్ల వలయమార్గం చేరింది. ఓడరేవు ఒడ్డు భూములు కూడా అదే దారిన అమ్ముడై ఖరీదైన అపార్టుమెంట్లయ్యాయి. కార్మికులు కట్టుకున్న బంగాళదుంప వరుసలు నేడు నగరంలో అత్యంత ఖరీదైన ఇళ్ళలో చేరాయి. నోర్రెబ్రోలో 2012లో తెరిచిన సూపర్‌కీలెన్ పార్కులో ఆ పేట వాసుల స్వదేశాల నుంచి తెచ్చిన బెంచీలు, దీపస్తంభాలు, నీటిబుగ్గలు ఉన్నాయి. దాన్ని ఆనుకునే మ్యోల్నర్ పార్కెన్ అనే సామాజిక గృహసముదాయం ఉంది. నివాసుల ‘పాశ్చాత్యేతర’ మూలాన్ని కూడా కొలమానంగా పెట్టిన 2018 చట్టాల కింద అక్కడి కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేయవలసి వచ్చి, కోర్టుకెక్కాయి. పదిమందీ కలిసి తీర్చిదిద్దుకున్న నగరమని చెప్పే ఎవరైనా ఆ పదిమందిలో ఎవరిని లెక్కించారో కూడా చెప్పాలి. ఇది నా వాదనను కూలదోయదు. దాని హద్దును చూపిస్తుంది. ఉమ్మడి నిర్ణయం ఉన్నచోట సొగసు పదిమందికీ అందింది, భూమిని సంతకు వదిలినచోట ఆ సొగసే అద్దెగా మారింది. నగర నివాసాల్లో ఐదో వంతు ఇప్పటికీ లాభాపేక్ష లేని సామాజిక గృహసంస్థల చేతిలో ఉండటం వల్లే సమతుల్యం పూర్తిగా చెడలేదు. 1971లో ఖాళీ సైనిక శిబిరాన్ని ఆక్రమించి మొదలైన క్రిస్టియానియా ఇదే ప్రశ్నకు మరో రకం జవాబు. గంజాయి ముఠాల బెడద భరించలేక 2024 ఏప్రిల్‌లో అక్కడివారే ఆ ముఠాల అడ్డాగా మారిన వీధి రాళ్ళను పెకలించారు.

ప్రయాణ వివరాలు క్లిష్టంగా లేవు. భారతీయులకు షెంగెన్ వీసా కావాలి. డెన్మార్క్ యూరోను 2000 ప్రజాభిప్రాయ సేకరణలో తిరస్కరించింది కాబట్టి చెల్లింపు క్రోన్‌లలోనే, అదీ దాదాపు అంతటా కార్డుతోనే. కాస్‌ట్రప్ విమానాశ్రయం నుంచి మెట్రోలో పావుగంటలో నగర మధ్యానికి చేరవచ్చు. పసుపు రంగు నీటి బస్సులకు మామూలు బస్సు టిక్కెట్టే చెల్లుతుంది. పర్యాటక పడవల కన్నా ఎంతో చవకగా ఓడరేవంతా చూపిస్తాయి. ఎస్-రైళ్ళలో సైకిల్‌కు రుసుము లేదు. 1947 నాటి ‘వేళ్ళ ప్రణాళిక’ను ఆ రైళ్ళే కళ్ళకు కడతాయి: అరచేయి నగరం, ఐదు వేళ్ళ వెంట రైలు మార్గాలూ శివార్లూ, వేళ్ళ సందుల్లో పొలాలూ అడవులూ. జూన్‌లో పగలు పదిహేడు గంటలకు పైగా ఉంటుంది; బహిరంగ జీవితం చూడాలంటే మే నుంచి ఆగస్టు వరకు వెళ్ళాలి. చలికాలంలో వెళ్ళేవారు ఈతకొలనుల ఆశ వదులుకుని మ్యూజియంలకూ ఇళ్ళ కిటికీల్లో వెలిగే దీపాలకూ సమయం కేటాయించడం మంచిది. రెండు రోజులే ఉన్నవారు ఏది వదలాలో తేల్చుకోక తప్పదు. బ్రూవరీ యజమాని కార్ల్ యాకబ్సెన్ చేయించగా 1913లో ప్రతిష్ఠించిన మత్స్యకన్య ఎత్తు 1.25 మీటర్లు, 1964లో ఒకసారి, 1998లో మరోసారి దాని తల నరికి ఎత్తుకుపోయారు, దాన్ని చూడటానికి రాను పోను గంటకు పైగా పడుతుంది. అదే కుటుంబం విజ్ఞానానికీ కళలకూ ఇచ్చిన సంస్థలు నగరానికి ఎంతో ఎక్కువ మేలు చేశాయి. గ్లిప్టోటెక్ కళా మ్యూజియం వాటిలో ఒకటి. ఆ గంటను గ్లిప్టోటెక్‌కో బ్రుమ్లెబీకో ఇవ్వమని నా సలహా. రెండో రోజు ఉదయం ఎస్-రైలెక్కి ఎమ్‌డ్రప్ స్టేషన్‌లో దిగితే గ్రుంట్విగ్ చర్చి నడక దూరం.